టంకశాల తప్పా, తరువాత తగిలిన దెబ్బా? నాణెం మీది వింతను పరీక్షించే పద్ధతి

మామూలు నాణేలకు భిన్నంగా ఉన్న నాణెం ఒకటి చేతికి వచ్చినప్పుడు సేకర్త మనసులో మొదట మెదిలే ప్రశ్న అది ఎంత అరుదైనదన్నది. ఆ ప్రశ్న చివర వేసుకోవలసినది. ముందుగా తేల్చుకోవలసింది కాలక్రమం: నాణెం మీద కనబడుతున్న మార్పు ముద్ర పడక ముందు వచ్చిందా, ముద్ర పడుతున్న క్షణంలో వచ్చిందా, ముద్ర పడిన తరువాత వచ్చిందా? మొదటి రెండింటిలో ఒకటని నిరూపించగలిగితే అది టంకశాల తప్పు. మూడవదైతే, చూడడానికి ఎంత వింతగా ఉన్నా, అది దెబ్బ తిన్న నాణెమే. వింతగా కనబడే నాణేలలో అత్యధిక భాగం ఈ మూడవ కోవకే చెందుతాయి. ఎందుకంటే నాణెం టంకశాలలో గడిపేది చాలా కొద్ది కాలం, బయట జనం చేతుల్లో గడిపేది దశాబ్దాలు. ఒక మార్పును టంకశాల తప్పు అని చెప్పేవారు, తయారీలోని ఏ దశలో, ఏ యంత్రం వల్ల, ఏ విధంగా అది జరిగి ఉంటుందో కూడా చెప్పగలగాలి. అది చెప్పలేనంత వరకు నాణేన్ని దెబ్బ తిన్నదిగానే భావించడం న్యాయమని నా అభిప్రాయం.

కనుక తయారీ క్రమం తెలియకుండా ఈ విషయంలో ఒక్క అడుగు కూడా వేయలేము. లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్లలను కత్తిరిస్తారు. వాటిని కొలిమిలో వేడి చేసి మెత్తబరుస్తారు. తరువాత ఒక యంత్రంలో, తిరిగే చక్రానికీ కదలని గాడికీ మధ్య దొర్లించి, బిళ్ల చుట్టూ అంచును నొక్కి కొద్దిగా పైకి లేపుతారు. నాణేనికి కనబడే రిమ్ముకు పునాది అక్కడే పడుతుంది. ఆ తరువాత బిళ్ల ముద్రణ యంత్రంలోకి వెళుతుంది. అక్కడ కింద ఒక డై, అంటే బొమ్మ పల్లంగా ఉన్న ఉక్కు అచ్చు, పైన మరొక డై, చుట్టూ కాలర్ అనే ఉక్కు వలయం ఉంటాయి. రెండు డైలు ఒక్క పెట్టున కలిసినప్పుడు లోహం డైల మీది పల్లాల్లోకి, కాలర్ గోడల వరకు పాకుతుంది. అంచు మీద నిలువు గాట్లు ఉండే నాణేలలో ఆ గాట్లు కాలర్ లోపలి గోడ మీద చెక్కినవే. ఇక డైలను విడిగా తయారుచేస్తారు. హబ్ అనే ఉబ్బెత్తు మూసను మెత్తని ఉక్కు మీద నొక్కితే డై మీద బొమ్మ పల్లంగా పడుతుంది. కాబట్టి తప్పు బిళ్లలో ఉండవచ్చు, డైలో ఉండవచ్చు, ముద్ర పడే క్షణంలో ఉండవచ్చు. నాణెం కాలర్ నుంచి బయటపడిన తరువాత జరిగినది ఏదైనా, అది టంకశాల ఆవరణలోనే జరిగినా, తప్పు కిందికి రాదు. తొట్టెలో వేల నాణేలు ఒకదానిపై ఒకటి పడినప్పుడు ఏర్పడే గాట్లు టంకశాల గోడల మధ్య ఏర్పడినవే, అయినా వాటిని ఎవరూ తప్పులుగా లెక్కించరు.

ఈ క్రమం నుంచి పుట్టే మొదటి సూత్రం ఉబ్బుకూ గుంటకూ సంబంధించినది. లక్క మీద ఉంగరపు ముద్ర వేసినప్పుడు ఉంగరంలో పగులు ఉంటే ఆ పగులు లక్క మీద ఉబ్బెత్తు గీతగా వస్తుంది. డైలో పగులు ఏర్పడినా అంతే, నాణెం మీద అది సన్నని ఉబ్బు గీతగా కనబడుతుంది. డై మీద గీత పడితే నాణెం మీద ఉబ్బు వస్తుంది. డై అంచు దగ్గర ముక్క విరిగిపోతే ఆ ఖాళీలోకి లోహం పొంగి, రిమ్మును ఆనుకొని, బొమ్మ ఏదీ లేని ఒక దిబ్బ ఏర్పడుతుంది. దీనిని సేకర్తలు కడ్ అంటారు. నాణేన్ని గోరుతోనో మేకుతోనో గీస్తే ఏర్పడేది గుంట. అందువల్ల ఉబ్బెత్తు గీత కనబడితే డై వైపు అనుమానం వెళ్లాలి, గుంట గీత కనబడితే దెబ్బ వైపు వెళ్లాలి. అయితే ఉబ్బు అంతా డై తప్పు కాదు. టంకం, జిగురు, గట్టిపడిన మురికి కూడా ఉబ్బుగా కనబడతాయి. నిజమైన కడ్‌కు మరొక సాక్ష్యం ఉంటుంది: నాణేన్ని తిప్పి చూస్తే, సరిగ్గా దాని వెనుక భాగంలో బొమ్మ గానీ అక్షరాలు గానీ బలహీనంగా పడి ఉంటాయి. ఒక వైపు లోహం ఖాళీలోకి పోయినందువల్ల రెండవ వైపు డై పల్లాలను పూర్తిగా నింపేంత ఒత్తిడి అందదు. వేడి టంకపు చుక్కను అంటించినవారు ఈ వెనుక వైపు బలహీనతను కల్పించలేరు.

గుంటలు అన్నీ దెబ్బలు కావన్నది దీనికి రెండో ముఖం. డైకీ బిళ్లకూ మధ్య దారపు పోగు, గుడ్డ ముక్క, తీగ, లోహపు పొట్టు వంటిది ఇరుక్కుంటే దాని ఆకారం నాణెం మీద గుంటగా పడుతుంది. ఈ గుంటకూ తరువాత పడిన గాటుకూ తేడా ఒడ్డులో ఉంటుంది. మేకు లోహాన్ని దున్నుతుంది, దున్నిన లోహం పక్కకు జరిగి గాటు వెంబడి సన్నని గట్టుగా నిలుస్తుంది. యంత్రంలో పడిన గుంటకు ఆ గట్టు ఉండదు, ఎందుకంటే అదే క్షణంలో డై చుట్టుపక్కల తలాన్నంతా చదునుగా నొక్కి ఉంచుతుంది. పైగా, బయట సుత్తితో ఒక వైపు బలంగా కొడితే రెండవ వైపు ఉబ్బడమో చదునవడమో జరుగుతుంది. యంత్రంలో రెండవ డై ఆధారంగా ఉంటుంది కాబట్టి వెనుక వైపు బొమ్మ అలా చెదరదు.

తప్పుల్లో అన్నిటికన్నా స్పష్టంగా తనను తాను నిరూపించుకోగలిగినది, నా దృష్టిలో, క్లిప్ అని పిలిచే అంచు కోత. రేకు యంత్రంలోకి సరిగా జరగకపోతే కత్తిరించే పోగర అంతకుముందు చేసిన రంధ్రం మీదికి కొంత వచ్చి పడుతుంది, బిళ్ల ఒక పక్క చంద్రవంక ఆకారంలో తరుగుతుంది. రేకు చివర తగిలితే కోత తిన్నగా ఉంటుంది. ఇటువంటి నాణేన్ని కత్తిరింపుతోనో ఆకురాయితోనో అనుకరించడం సులభమే అనిపిస్తుంది. కానీ కోత పడిన బిళ్ల తరువాత రిమ్ము లేపే యంత్రంలో దొర్లవలసి ఉందన్నది గుర్తుంచుకోవాలి. ఆ యంత్రంలో ఒక అంచు మీద ఒత్తిడి పడాలంటే సరిగ్గా ఎదుటి అంచు గాడికి ఆని ఉండాలి. ఎదుటి అంచు కోతకు గురై ఖాళీగా ఉంటే ఒత్తిడి నిలవదు, రిమ్ము లేవదు. అందువల్ల నిజమైన కోత ఉన్న నాణెంలో, కోతకు నేరుగా ఎదురుగా ఉన్న చోట రిమ్ము పలచగా ఉంటుంది, లేదా పూర్తిగా లోపిస్తుంది. దీనిని బ్లేక్స్‌లీ ప్రభావం అంటారు. దీనితో పాటు కోత దగ్గరి అక్షరాలు చూడాలి. ముద్ర పడేటప్పుడు అక్కడి లోహానికి కాలర్ అడ్డు లేదు కాబట్టి అది ఖాళీ వైపు పాకి, అక్షరాలు కోత వైపు సాగి, పలచబడి, క్రమంగా మసకబారుతాయి. ముద్ర పడిన నాణేన్ని తరువాత కోస్తే అక్షరం నిండుగా ఉండి కోత దగ్గర హఠాత్తుగా తెగిపోతుంది, ఎదుటి రిమ్ము చెక్కుచెదరదు. బ్లేక్స్‌లీ ప్రభావం కనబడితే అది చాలా బలమైన ఆధారం. అయితే కోత చిన్నదైనప్పుడూ, మరికొన్ని సందర్భాల్లోనూ అది స్పష్టంగా కనబడకపోవచ్చు కాబట్టి, అది లేదన్న ఒక్క కారణంతో నాణేన్ని తిరస్కరించకుండా అక్షరాల తీరును కూడా చూసి నిర్ణయించాలి.

బిళ్ల కాలర్‌లో సరిగా కూర్చోకుండానే ముద్ర పడితే బొమ్మ ఒక పక్కకు జరిగి, మరొక పక్క ఖాళీ చంద్రవంక మిగులుతుంది. బిళ్ల మధ్యలోనే ఉండి కాలర్ మాత్రం పని చేయకపోతే లోహం చుట్టూ పరుచుకొని నాణెం మామూలు కంటే వెడల్పవుతుంది, గాట్లు ఉండవలసిన అంచు నున్నగా ఉంటుంది. వీటికి పోలికగా బయట తయారయ్యేవి, తోలు వంటి మెత్తని వస్తువుల మధ్య పెట్టి సుత్తితో కొట్టి వెడల్పు చేసిన నాణేలు. వాటిలో అక్షరాలూ బొమ్మా కూడా నాణెంతో పాటే సాగి పెద్దవవుతాయి. కాలర్ లేకుండా ముద్ర పడిన నాణెంలో బొమ్మ కొలత డై మీద ఉన్నంతే ఉంటుంది, వెడల్పయ్యేది దాని చుట్టూ ఉన్న లోహం. బట్టలు ఆరబెట్టే యంత్రంలో ఇరుక్కొని ఎన్నో గంటలు దొర్లిన నాణేలు మరొక రకం. వాటి రిమ్ము లోపలికి ముడుచుకొని మందంగా మారుతుంది, వ్యాసం తగ్గుతుంది, అంచు అక్షరాలు రిమ్ము కింద సగం మునిగిపోతాయి. చూడడానికి ఎంతో క్రమబద్ధంగా ఉంటుంది కాబట్టి ఇది ఏదో యంత్రపు తప్పే అన్న భ్రమ కలిగిస్తుంది. క్రమబద్ధంగా ఉన్నంత మాత్రాన అది టంకశాల పని కానక్కరలేదు. నాణేలను కాగితపు చుట్టల్లో బిగించే యంత్రాలు కూడా అంచుకు దగ్గరగా చక్కటి వలయాకారపు గాడిని చేస్తాయి, లెక్కించే యంత్రాలు ఒక వైపు వంపు తిరిగిన గీతల కట్టను వదులుతాయి.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం జంటగా కనబడే అంకెలూ అక్షరాల విషయంలో ఉంది. ఇక్కడ కొంత నిదానంగా నడవాలి. అసలైన డబుల్డ్ డై డైని తయారుచేసే దశలోనే పుడుతుంది. పాత పద్ధతిలో హబ్‌ను డై మీద ఒకటికి మించిన సార్లు నొక్కవలసి వచ్చేది, మధ్యలో డైని మళ్లీ వేడి చేసేవారు. రెండవసారి నొక్కినప్పుడు హబ్ కొద్దిగా తిరిగి ఉంటే డై మీద రెండు బొమ్మలు పడేవి, ఆ డైతో అచ్చయిన ప్రతి నాణెం మీదా ఆ జంట యథాతథంగా వచ్చేది. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 1955లో ఫిలడెల్ఫియా టంకశాలలో ముద్రించిన లింకన్ సెంటు. తేదీ, చుట్టూ ఉన్న అక్షరాలు కంటికే రెండుగా కనబడతాయి, లింకన్ బొమ్మలో మాత్రం జంట అంతగా తెలియదు. తప్పును గుర్తించేసరికే అవి మామూలు నాణేలతో కలిసిపోయాయి, సుమారు 20,000 నుంచి 24,000 వరకు చెలామణిలోకి వెళ్లాయని అంచనా.

ఇటువంటి జంటలో రెండు బొమ్మలూ పూర్తి ఎత్తులో, గుండ్రటి భుజాలతో ఉంటాయి. అక్షరం మామూలు కంటే వెడల్పవుతుంది, అక్షరాల కొనల దగ్గర రెండుగా చీలినట్లు చిన్న నొక్కు కనబడుతుంది. దీనికి భిన్నంగా, మెషీన్ డబ్లింగ్ అనేది ముద్ర పడిన వెంటనే, వదులుగా ఉన్న డై కొద్దిగా కదిలి, అప్పుడే లేచిన అక్షరపు పక్కను నేలకు, అంటే నాణెం మీద బొమ్మ లేని చదును తలానికి, అణచడం వల్ల వస్తుంది. అప్పుడు అక్షరం పక్కన మెట్టులాగా చదునైన, మెరిసే పలక ఏర్పడుతుంది, మిగిలిన అక్షరం సన్నబడుతుంది. రెండవ ప్రతిబింబానికి కావలసిన లోహం మొదటి అక్షరం నుంచే వచ్చింది కాబట్టి ఇలా కాక మరోలా ఉండే అవకాశమే లేదు. అక్షరం వెడల్పయిందా, సన్నబడిందా అన్న ఒక్క ప్రశ్న చాలా వివాదాలను తేల్చేస్తుంది. మెషీన్ డబ్లింగ్ యంత్రంలోనే జరిగినా, డైలో లేదు కాబట్టి నాణెం నాణేనికీ మారుతుంది, సేకర్తలు దానికి అదనపు విలువ ఇవ్వరు. మూడవది అరిగిన డై వల్ల వచ్చే మసక జంట. ఎన్నో లక్షల దెబ్బలు తిన్న డై మీద లోహం పాకిన దారులు ఏర్పడి, అక్షరాల చుట్టూ నీడలాంటి ఉబ్బు కనబడుతుంది. అదే 1955 సెంట్లలో చివరి అంకె చుట్టూ ఇటువంటి మసక ఉన్నవి చాలా ఉన్నాయి, అసలు డబుల్డ్ డై కొనలేనివారికి ప్రత్యామ్నాయంగా వాటిని అమ్మిన చరిత్ర కూడా ఉంది. రాగి పూత వేసిన జింకు నాణేలలో, ముద్ర పడేటప్పుడు అక్షరం పక్కన పూత చిట్లి కింది జింకు బయటపడి, అది కూడా జంటగా భ్రమ కలిగిస్తుంది. 1990ల చివరి నుంచి అమెరికా టంకశాల హబ్‌ను ఒకే నొక్కుతో దింపే పద్ధతికి మారింది కాబట్టి, ఆ తరువాతి నాణేలలో వచ్చే నిజమైన జంటలు చిన్నవిగా, చాలావరకు బొమ్మ మధ్యభాగానికి పరిమితమై ఉంటాయి. కొత్త నాణెం మీద చుట్టూ ఉన్న అక్షరాలన్నీ పెద్ద ఎత్తున రెండుగా కనబడితే మొదట మెషీన్ డబ్లింగ్‌నే అనుమానించాలి.

ఉండవలసినది లేకపోవడం మరొక సమస్య. డై పల్లాల్లో గ్రీజు, లోహపు పొడి పేరుకుంటే అక్షరాలు మసకగా పడతాయి, లేదా అసలు పడవు. డైని అతిగా సాన పట్టినా తక్కువ లోతు ఉన్న వివరాలు చెరిగిపోతాయి. 1922లో అమెరికాలో సెంట్లను డెన్వర్ టంకశాలలో మాత్రమే ముద్రించారు, కనుక ఆ సంవత్సరపు ప్రతి సెంటు మీదా డెన్వర్ గుర్తుగా డి అక్షరం ఉండాలి. అయినా అరిగి, సాన పట్టిన డైల వల్ల ఆ అక్షరం లేని సెంట్లు వచ్చాయి. 1937లో అదే టంకశాలలో, దెబ్బ తిన్న డైని సాన పట్టినప్పుడు ఐదు సెంట్ల నాణెం మీది అడవిదున్న ముందుకాలు ఒకటి మాయమైంది. ఈ రెండింటినీ మామూలు నాణేల నుంచి గీకి తయారుచేసే మోసం ఎప్పటినుంచో ఉంది. గీకిన చోట లోహం తరిగి నేల గుంటపడుతుంది, ఏటవాలు వెలుతురులో సమాంతర గీతలు కనబడతాయి, చుట్టుపక్కల ఉన్న మెరుపు అక్కడ తెగిపోతుంది. అసలైన మూడు కాళ్ల దున్నకు దాని డై ఇచ్చిన ఇతర గుర్తులు ఉంటాయి: మాయమైన కాలి గిట్ట నేల మీద మిగిలే ఉంటుంది, పొట్ట కింద నుంచి నేల వైపు చిన్న ఉబ్బు చుక్కల వరుస కనబడుతుంది. ఆ చుక్కలు డై నుంచి వచ్చినవి కాబట్టి ఉబ్బెత్తుగా ఉన్నాయి. గీకే పరికరం ఉబ్బును సృష్టించలేదు.

లోహం మారిందన్న అనుమానం వచ్చినప్పుడు కళ్ల కంటే త్రాసును నమ్మాలి. గ్రాములో వందో వంతు వరకు చూపే త్రాసు ఈ పనికి తప్పనిసరి. అమెరికా క్వార్టర్, అంటే పావు డాలరు నాణెం, శుద్ధ రాగి మధ్యపొరకు రెండు వైపులా రాగి, నికెల్ మిశ్రమపు పొరలు అతికించిన నాణెం. దాని నిర్ణీత బరువు 5.67 గ్రాములు, అందులో ఒక్కొక్క పైపొర వంతు సుమారు ఆరో భాగం. ఒక పొర నిజంగానే లేకుండా ముద్రితమైతే బరువు 4.7 గ్రాముల దగ్గరకు పడిపోతుంది. ఒక వైపు ఎర్రగా ఉండి బరువు మాత్రం సరిగ్గా ఉంటే, అది మట్టిలోనో రసాయనంలోనో నాని రంగు మారిన నాణెం. ఆమ్లంలో ముంచిన నాణేలు కూడా తేలికవుతాయి, కానీ వాటిలో రిమ్ము, అక్షరాలు, అంచు గాట్లు అన్నీ ఒకే విధంగా కరిగి సన్నబడతాయి, తలం మీద సన్నని గరుకుదనం వస్తుంది. పలుచని బిళ్ల మీద ముద్ర పడినప్పుడు కూడా నాణెం తేలికగా ఉంటుంది, అయితే డై అందుకున్న మేరకు అక్షరాలు పదునుగానే ఉండి, ఎత్తైన భాగాలు మాత్రం నిండకుండా ఉంటాయి. 1943లో రాగిని యుద్ధ అవసరాలకు మళ్లించినందున సెంట్లను జింకు పూసిన ఉక్కుతో చేశారు, పొరపాటున అతి కొద్ది సెంట్లు పాత కంచు బిళ్లల మీద పడ్డాయి. ఉక్కు సెంటుకు రాగి పూత వేసి కంచు సెంటుగా చూపడం సర్వసాధారణమైన మోసం. అయస్కాంతానికి అంటుకుంటే, బరువు 3.11 గ్రాములకు బదులు 2.7 దగ్గర ఉంటే, అది ఉక్కే. 1948 సెంటులోని ఎనిమిది అంకెను సగం చెక్కి మూడుగా చేసినవి ఈ రెండు పరీక్షలనూ దాటుతాయి. అక్కడ మూడు అంకె ఆకారాన్ని చూడాలి, అసలు 1943 నాణెంలో దాని తోక మిగిలిన అంకెల కంటే కిందికి దిగుతుంది.

బొమ్మ తిరగబడి, గుంటగా కనబడే నాణేలు చూడగానే ఆశ్చర్యం కలిగిస్తాయి. అంతకుముందు ముద్రించిన నాణెం డైకి అతుక్కుపోయి, తరువాతి బిళ్ల మీద తానే డై పని చేస్తే అటువంటి ముద్ర వస్తుంది. దానినే బ్రాకేజ్ అంటారు. రెండు నాణేలను పట్టుకారులో పెట్టి బిగించినా తిరగబడిన అక్షరాలు గుంటగా పడతాయి, కానీ అవి అప్పటికే ఉన్న బొమ్మ మీద, ఏదో ఒక వంకర కోణంలో పడి, ఆ బొమ్మను నలుపుతాయి, రెండవ వైపు కూడా ఎత్తైన భాగాలు చదునవుతాయి. బిళ్ల లేకుండా రెండు డైలు ఢీకొన్నప్పుడు ఒకదాని బొమ్మ రేఖలు మరొకదాని మీద పడి నాణేలకు ఎక్కుతాయి. అవి ఎప్పుడూ ఎదుటి బొమ్మకు కచ్చితంగా ఎదురుగానే ఉంటాయి, నేల మీదనే కనబడతాయి, బొమ్మను నలపవు.

రెండు వైపులా బొమ్మే ఉన్న నాణేలు దాదాపు అన్నీ ఒక నాణేన్ని లోపల తొలిచి, మరొక దాన్ని అందులో కూర్చినవే. రిమ్ము లోపలి అంచు వెంబడి సన్నని అతుకు కోసం వెదికితే చాలు. పొంతన లేని రెండు డైలు నిజంగా జత కలిసిన మ్యూల్ నాణేలు మాత్రం ఉన్నాయి. బ్రిటన్‌లో 2008లో నాణేల బొమ్మలు మార్చినప్పుడు 20 పెన్సుల నాణెం మీద తేదీని బొరుసు నుంచి బొమ్మ వైపుకు మార్చారు. పాత బొమ్మ డై, కొత్త బొరుసు డై కలిసి పని చేసినందువల్ల ఎటు చూసినా తేదీ లేని నాణేలు బయటికి వచ్చాయి.

పరిశీలనకు ఐదు నుంచి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం సరిపోతుంది. అంతకు మించిన పెద్దదనంలో ప్రతి నాణెమూ వింతగానే కనబడుతుంది. వెలుతురు ఒకే వైపు నుంచి ఏటవాలుగా పడేలా చూసి, నాణేన్ని నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. ఉబ్బు, గుంట ఫోటోల్లో తరచూ తారుమారుగా కనబడతాయి కాబట్టి ఫోటోను చూసి తీర్పు చెప్పకూడదు. అదే సంవత్సరపు మామూలు నాణేన్ని పక్కన పెట్టుకోవడం అన్నిటికన్నా ఉపయోగకరం. తోమి శుభ్రం చేయడం మాత్రం ససేమిరా కూడదు, ఎందుకంటే ముద్ర పడిన క్షణాన లోహం పాకిన దారుల నుంచి పుట్టిన మెరుపే కాలక్రమానికి ప్రధాన సాక్షి.

ఇంత చేసినా కొన్ని నాణేలు ఏ గడిలోనూ సులభంగా ఒదగవు. లోహంలో మలినాలు, గాలి బుడగలు చిక్కుకొని పైపొర ఊడిపోయే లోపాన్నే తీసుకుందాము. పొర ముద్రకు ముందే ఊడి ఉంటే ఆ గుంటలో కూడా బొమ్మ గీతలు కనబడతాయి. చెలామణిలోకి వెళ్లిన తరువాత ఊడితే గుంట గరుకుగా, బొమ్మ లేకుండా ఉంటుంది. ఊడినది టంకశాల బయటే అయినా లోపం బిళ్లతో పుట్టినదే కాబట్టి సేకర్తలు దానిని టంకశాల తప్పుగానే అంగీకరిస్తారు. 2004లో వచ్చిన అమెరికా విస్కాన్సిన్ క్వార్టర్లలో కొన్నిటి మీద మొక్కజొన్న పొత్తు పక్కన అదనంగా ఒక ఆకు కనబడుతుంది. ఒక రకంలో అది పైకి లేచి ఉంటుంది, మరొక రకంలో కిందికి వాలి ఉంటుంది. ఆ గీతలు ఉబ్బెత్తుగా ఉన్నాయి, అదే స్థానంలో ఎన్నో నాణేల మీద ఒకే తీరుగా ఉన్నాయి, కనుక అవి డై నుంచే వచ్చాయి. డై మీద ఆ గాట్లు ప్రమాదవశాత్తు పడ్డాయా, ఎవరైనా కావాలని చేశారా అన్న వాదన ఇంకా తెగలేదు. పడింది ముద్రకు ముందా, తరువాతా అన్నంత వరకే లోహం సాక్ష్యం చెబుతుంది, ఉద్దేశం గురించి అది చెప్పగలిగినది ఏమీ లేదు.